తిరిగే తాళ్ల వల మా అపార్ట్‌మెంట్ పార్కులో పెట్టించొచ్చా?

నిజాంపేట_నాన్న:
మాది 96 ఫ్లాట్ల కమ్యూనిటీ. పిల్లల పార్కులో జారుడు బల్ల విరిగి ఏడాది దాటింది. ఈసారి మెయింటెనెన్స్ డబ్బులు కాస్త మిగిలాయి కాబట్టి కొత్తది ఏదో ఒకటి చూడమని కమిటీ వాళ్లు ఆ పని నా నెత్తిన పెట్టారు. ఒక కేటలాగులో మధ్యలో స్తంభం, దాని చుట్టూ గుడారంలా తాళ్ల వల, పిల్లలు ఎక్కి పట్టుకుంటే మొత్తం గిరగిరా తిరిగేది కనబడింది. ఏడేళ్ల మా అమ్మాయి ఆ ఫొటో చూసినప్పటి నుంచి ఎప్పుడొస్తుంది అని ప్రాణం తీస్తోంది. పక్కింటి పెద్దాయనేమో రంగులరాట్నానికి వల కట్టినట్టుంది, ఎవడో ఒకడి పళ్లు రాలతాయి అంటున్నారు. ఎవరైనా పెట్టించారా? మన ఎండలకు తాడు ఆగుతుందా? వల వెడల్పు 8 అడుగులు, మా స్థలం 20కి 18 ఉంటుంది, సెల్లార్ పార్కింగ్ పైనే.

కాంక్రీట్_బాబాయ్:
చివర్లో మామూలుగా అనేశారు గానీ అసలు సంగతి అదే. సెల్లార్ పైన అంటే కింద ఉన్నది నేల కాదు, స్లాబు. ఈ స్తంభం మీద ఎనిమిది మంది పిల్లలు ఒకే పక్కన వేలాడితే బరువు కిందికే కాదు, పక్కకి కూడా లాగుతుంది, దాన్ని తట్టుకోవాలంటే నేలలో గుంత తవ్వి కమ్మీ కట్టి కాంక్రీటు పోయాలి. స్లాబుకి నాలుగు బోల్టులు కొట్టి నిలబెట్టేస్తాం సార్ అని సేల్స్ కుర్రాడు అంటాడు, ఒప్పుకోకండి. బోల్టు వాటర్‌ప్రూఫింగ్‌ని చీల్చుకుని దిగిందంటే మొదటి వానకే కింద కార్ల మీద సున్నపు నీళ్లు కారతాయి, అప్పుడు మిమ్మల్ని తిట్టేది పిల్లల తల్లిదండ్రులు కాదు, కార్ల ఓనర్లు. స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం లేకుండా ఆ స్లాబు ముట్టుకోవద్దు.
ఇక స్థలం. అమెరికా ప్రభుత్వ భద్రతా సంస్థ సీపీఎస్‌సీ లెక్క ప్రకారం ఇలాంటి తిరిగేవాటికి చుట్టూ అన్ని వైపులా కనీసం 6 అడుగుల ఖాళీ ఉండాలి. 8కి అటు 6, ఇటు 6 కలిపితే 20. మీకు ఒక పక్క 2 అడుగులు తక్కువ.

బెర్లిన్_అక్క:
పెద్దాయన భయం అర్థమైంది గానీ వస్తువు మంచిదే. ఈ తాళ్ల వలల ఆటలు మొదలైంది మా ఊళ్లోనే, కొన్రాడ్ రోలాండ్ అనే ఆర్కిటెక్టు 1970లలో చేశాడు, ఇప్పుడు ఇక్కడ ఏ పార్కుకెళ్లినా ఏదో ఒక రకం కనబడుతుంది. తాడంటే మన బావి మోకు కాదు. లోపల ఉక్కు తీగల పేట ఉంటుంది, పైన నైలాన్ గానీ పాలిస్టర్ గానీ అల్లుతారు, మందం సాధారణంగా 16 మిల్లీమీటర్లు. శాంపిల్ ముక్క అడిగి గట్టి అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే లోపల మామూలు ఉక్కు తీగ లేదన్నట్టే, అప్పుడు ఏముందో గట్టిగా అడగండి. వల కన్నాలు కూడా కొలవండి. యూరప్ ప్రమాణం ఈఎన్ 1176లో 89 నుంచి 230 మిల్లీమీటర్ల మధ్య కన్నాన్ని అపాయంగా చూస్తారు, ఎందుకంటే కాళ్లు, ఒళ్లు దూరతాయి, తల మాత్రం ఇరుక్కుంటుంది.
ఇంకో సంగతి, మా వాడు రోజూ చేసే వెధవ పని. అంచున వేలాడుతున్నంతసేపూ నెమ్మదిగా తిరుగుతుంది, అందరూ ఒక్కసారి స్తంభం దగ్గరికి పాకారంటే వేగం అందుకుంటుంది, ఎవరూ తోయకుండానే. అంచున మిగిలిపోయినవాడికి ఒప్పుల కుప్పలో చేతులు ఊడొచ్చేలా లాగినట్టు ఉంటుంది. అందుకే స్తంభం అడుగున వేగం అదుపు చేసే బ్రేకు ఉన్నదే తీసుకోండి. అంచు దగ్గర వేగం సెకనుకి 13 అడుగులు దాటకూడదన్నది సీపీఎస్‌సీ మాట. 8 అడుగుల వలకి చుట్టుకొలత దాదాపు 25, అంటే ఇంచుమించు రెండు సెకన్లకో చుట్టు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు.

బెజవాడ_లక్ష్మి:
మా కాలనీలో పెట్టి మూడేళ్లయింది. పిల్లలు దిగరు, అది నిజం. కానీ రెండో ఎండాకాలానికే ఒక పక్క తాడు పైఅల్లిక పెళుసైపోయి పీచులు లేచింది, మా బాబు అరచేతిలో గుచ్చుకున్న పీచుల్ని నేను పట్టకారుతో ఒక్కొక్కటీ తీశాను. వానాకాలం తర్వాత కిర్రుమంటూ తిరిగేది. అమ్మినవాడికి ఆరుసార్లు ఫోన్ చేస్తే ఏడోసారి వచ్చి, బేరింగ్‌లోకి నీళ్లు దిగాయి, అది వారంటీలోకి రాదన్నాడు. కాబట్టి గ్రీజు ఎవరు పెట్టాలి, తాడు విడిగా ఇస్తారా, ఎంతకిస్తారు, ఇవన్నీ కొనకముందే కాగితం మీద రాయించుకోండి. చున్నీలు, మెడలో తాళ్లు ఉన్న హుడీలు వేసుకుని ఎక్కనివ్వకండి, ఒకసారి చున్నీ కొస ముడి దగ్గర చిక్కుకుని వల మాత్రం తిరుగుతూనే ఉంది, దేవుడి దయ, వాచ్‌మన్ పరుగున వచ్చి ఆపాడు. కింద రబ్బరు టైల్స్ వేస్తే మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నిలబడలేరు. మేము తర్వాత ఇసుక పోయించాం, దానికీ వారానికోసారి పార పట్టాల్సిందే, పిల్లలు దూకేచోటే గుంట పడుతుంది మరి.

నిజాంపేట_నాన్న:
అందరికీ థ్యాంక్స్. స్లాబు ఆలోచన మానేశాం. జనరేటర్ గది వెనక అసలైన నేల ఉంది, పొద్దున టేపు పెట్టి కొలిస్తే 23కి 21 వచ్చింది. ఒక వేపకొమ్మ మాత్రం సరిగ్గా స్తంభం రావాల్సిన చోటికి వంగి ఉంది.

కాంక్రీట్_బాబాయ్:
కొమ్మదేముంది, కొట్టించొచ్చు. వేరు ఎటు పాకిందో చూసి గుంత తవ్వించండి. జనరేటర్ కేబుల్ ఎక్కడ పాతారో ఎలక్ట్రీషియన్‌ని అడగకుండా మాత్రం గునపం దించొద్దు.