అమ్మ పేరు మీద ఐదు సిమ్‌లు కనిపిస్తున్నాయి, ఆమె వాడేది ఒక్కటే. ఏం చేయాలి?

తణుకు_అమ్మాయి:

నమస్కారం అండి. మొన్న ఆదివారం ఊరెళ్ళాను. మా పక్కింటి పిన్నిగారి పేరు మీద ఎవరో సిమ్ తీసుకున్నారని తెలిసింది. మనదీ ఒకసారి చూద్దామని నా ఫోన్‌లో సంచార్ సాథీ (మన పేరు మీద ఉన్న సిమ్‌లు చూపించే ప్రభుత్వ సైటు) తెరిచి అమ్మ నంబరు కొట్టాను. ఓటీపీ అమ్మ కీప్యాడ్ ఫోనుకి వచ్చింది. అది పెట్టగానే ఐదు నంబర్లు వచ్చాయి, మధ్య అంకెలు కనబడకుండా.

అందులో మొదటిది అమ్మదే. 2007లో నాన్న రేషన్ కార్డు జిరాక్స్ ఇచ్చి తెచ్చిన సిమ్. రెండోదాని చివరి అంకెలు చూస్తే తమ్ముడిది. 2016లో ఇంటర్నెట్ ఫ్రీ అని ఊరంతా ఎగబడ్డప్పుడు వాడికి పద్దెనిమిదేళ్ళు నిండలేదు, అందుకని అమ్మ వెళ్ళి తన పేరు మీద తీసుకుంది. ఇప్పుడు వాడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. జీతం, ఫోన్‌పే అన్నీ ఆ నంబరు మీదే. మిగతా మూడూ ఎవరివో మాకు తెలీదు.

అమ్మని అడిగితే కాసేపు ఆలోచించి చెప్పింది. "ఆ రోజు బస్టాండు దగ్గర గొడుగు కింద కూచున్న అబ్బాయి, వేలు పడట్లేదమ్మా, మళ్ళీ పెట్టండి, ఈసారి ఎడమ చెయ్యి పెట్టండి అని నాలుగైదు సార్లు పెట్టించాడే." అమ్మ వేలిముద్రలు నిజంగానే సరిగ్గా పడవు. ముప్పయ్యేళ్ళు నాట్లకీ కలుపుకీ వెళ్ళిన చేతులు, బొటనవేలు మీద గీతలన్నీ అరిగిపోయాయి. రేషన్ దగ్గర కూడా ఇదే బాధ. అందుకే ఆవిడకి అనుమానం రాలేదు.

ఆ మూడు నంబర్లు నావి కావని నొక్కితే అమ్మ నంబరు కూడా పోతుందా? గ్యాసు, బ్యాంకు అన్నీ దానికే ఉన్నాయి. ఆ నంబర్లతో ఎవరైనా మోసం చేస్తే పోలీసులు మా ఇంటికి వస్తారా? ఇక్కడి షాపులో అడిగితే "అందరికీ ఉంటాయి మేడమ్, వదిలేయండి" అన్నాడు. అమ్మ అప్పటి నుంచీ సరిగ్గా నిద్రపోవట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాత_సిమ్ముల_షాపు:

అమ్మా, ముందు అమ్మగారికి ధైర్యం చెప్పండి. ఆవిడ నంబరు ఎక్కడికీ పోదు. ప్రతి నంబరు పక్కనా మూడు దారులు ఉంటాయి: నా నంబరు కాదు, నాకు అవసరం లేదు, నాకు అవసరం. తెలియని మూడింటికీ "నా నంబరు కాదు" పెట్టండి. తమ్ముడి నంబరు జోలికి మాత్రం పొరపాటున కూడా వెళ్ళకండి. తెలీకుండా దాన్నీ కాదని నొక్కి, పిల్లల నంబర్లు కట్ చేసుకున్నవాళ్ళని నేనే ఇద్దరిని చూశాను. నొక్కాక ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది, అది పుస్తకంలో రాసి పెట్టుకోండి. తర్వాత కంపెనీ వాళ్ళు ఆ సిమ్ వాడుతున్నవాణ్ణి మళ్ళీ వివరాలు చూపించమంటారు. చూపించలేకపోతే కట్ అవుతుంది.

వదిలేయమన్న షాపతని మాట వినకండి. నేను భీమవరంలో 2004 నుంచి 2019 దాకా సిమ్‌లు అమ్మాను. ఆ మాట ఎందుకంటారో నాకు తెలుసు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

2009, 2010ల్లో మన సర్కిల్లో ఎయిర్‌టెల్, ఐడియా, వొడాఫోన్, బీఎస్ఎన్ఎల్, రిలయన్స్ ఉండగానే టాటా డొకోమో, ఎయిర్‌సెల్, యూనినార్ కూడా దిగాయి. డొకోమో సెకనుకి పైసా అనగానే మిగతావాళ్ళూ అదే బాట పట్టారు. జనానికి అది మంచి కాలం. నా షాపులో కూలికి వెళ్ళేవాళ్ళు కూడా జేబులో రెండు సిమ్‌లు పెట్టుకుని, ఏది చవకైతే అది వేసుకునేవాళ్ళు. కానీ కంపెనీలకి కావాల్సింది లెక్క. ఈ నెల ఎన్ని కొత్త నంబర్లు యాక్టివేట్ అయ్యాయన్నదే లెక్క. ఆ లెక్క పైనుంచి డిస్ట్రిబ్యూటర్ మీద, అతని నుంచి బండి మీద తిరిగే సేల్స్ కుర్రాడి మీద, చివరికి నా కౌంటర్ మీద పడేది. పది రీచార్జీలు చేస్తే మిగిలేదాని కంటే ఒక కొత్త సిమ్ కమీషన్ ఎక్కువ. 25వ తారీఖు దాటిందంటే ఆ కుర్రాళ్ళ మొహాలు చూడలేకపోయేవాణ్ణి.

ఆ రోజుల్లో ఫారం కాగితమే. ఒక ఫొటో, ఒక జిరాక్స్, ఒక సంతకం. ఒక రోజు నేను భోజనానికి ఇంటికెళ్ళి వచ్చేసరికి, షాపులో సాయం చేసే కుర్రాడి సంచిలో రబ్బరు బ్యాండు వేసిన కట్ట కనిపించింది. విప్పి చూస్తే మా వీధిలో పాలు పోసే ఆవిడ ఫొటో, ఒకటే ఫొటో, మూడు ఫారాల మీద పిన్ను కొట్టి ఉంది. జిరాక్స్‌లో రేషన్ కార్డు నల్లగా పడి మొహాలు గుర్తుపట్టేలా లేవు. సంతకం మాత్రం మూడిటి మీదా మూడు రకాలు. ఆవిడ పొద్దున్నే నా దగ్గర ఒక్క సిమ్ తీసుకుని వెళ్ళింది. జిరాక్స్ తీసినవాడు ఇంకో రెండు తీసి దాచాడు. నేను ఆ ఫారాలు చింపేసి సేల్స్ కుర్రాడికి ఫోన్ చేసి గట్టిగా అడిగాను. "టార్గెట్ అన్నా, ఇంకేం చేయను" అన్నాడు. పై నెల నాకు స్టాకు రాలేదు. నేనూ అంతకు మించి ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ ఆవిడ పాలు తెస్తుంటే నాకు ఆ ఫారాలే గుర్తొస్తాయి.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక కాగితం చాలావరకు పోయి వేలు వచ్చింది. వేలు పెడితే నిమిషాల్లో సిమ్ రెడీ. ఇక మోసం ఉండదని నేను నిజంగా నమ్మాను. కానీ వేలు అరిగినవాళ్ళని, కళ్ళు సరిగ్గా కనపడనివాళ్ళని "పడలేదు, మళ్ళీ పెట్టండి" అని ఒకటికి రెండు సిమ్‌లు తీసిన వాళ్ళున్నారు. మీ అమ్మగారికి జరిగింది అదే అనుకుంటున్నాను. 2017లో పాత నంబర్లన్నిటికీ ఆధార్ మళ్ళీ కలపాలన్నప్పుడు జనం ఇంకోసారి వరసల్లో నిలబడ్డారు. మళ్ళీ అదే వేలు. 2018 సెప్టెంబరు 26న ప్రైవేటు కంపెనీలు ఆధార్ తప్పనిసరి అనకూడదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఇదే నడిచింది.

ఇప్పుడు కొంత బాగుపడింది. 2023 డిసెంబరు నుంచి సిమ్ అమ్మేవాడు తన వివరాలు కూడా నమోదు చేసుకోవాలి, 2024 జనవరి 1 నుంచి కాగితం ఫారాలు ఆపేశారు. మన పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకునే ఆ సౌకర్యం 2021లో మొదట పెట్టింది మన ఆంధ్ర, తెలంగాణల్లోనే. 2023లో విజయవాడలో ఒకే మనిషి ఫొటో మీద 658 సిమ్‌లు బయటపడ్డాయి, పేపర్లలో చూసే ఉంటారు. ఒక్క ఫొటోకి అన్ని సిమ్‌లు ఎవరో ఒక్కడు కూచుని తీస్తే రావు. అమ్మేవాడు, ఒప్పుకునేవాడు, చూసీ చూడనట్టు ఊరుకునేవాడు అందరూ ఉండాలి.

అందుకే అంటున్నా, వదిలేయకండి. ఈరోజే నొక్కండి.

కువైట్_కోనసీమ:

అన్నా, మీరు చెప్పినదంతా నిజమే. కానీ పోటీ వల్లే ఇదంతా వచ్చిందంటే నేను ఒప్పుకోను. నేను అమలాపురం పక్క ఊరి నుంచి 2002లో కువైట్ వచ్చాను. అప్పుడు మా ఊళ్ళో సెల్ ఉన్నవాడు ఒక్కడే. ఫోన్ వస్తే అతనికి కూడా డబ్బులు కట్ అయ్యేవి. మా అమ్మతో మాట్లాడాలంటే రెండు రోజుల ముందు కబురు చేసి, ఆవిడ ఎస్టీడీ బూత్ దగ్గర నిలబడాల్సిందే. 2003లో ఇన్‌కమింగ్ ఫ్రీ అయ్యాక ఆవిడ చేతికి ఫోన్ వచ్చింది. కంపెనీలు కొట్టుకోబట్టే కదా మా అమ్మ గొంతు నేను రోజూ విన్నాను.

నా బాధ ఇప్పటి పరిస్థితి గురించి. అన్ని కంపెనీలు ఉన్నచోట గట్టిగా మిగిలినవి ఎన్ని? 2024 జూలై మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వీఐ (వొడాఫోన్, ఐడియా కలిసినది) ఒక్కరోజు తేడాలో రేట్లు పెంచాయి. నా ఇండియా నంబరు మా ఆవిడ దగ్గర పాత ఫోన్‌లో ఉండేది. బ్యాంకు ఓటీపీల కోసమే దాన్ని బతికించుకోవాలి. మాట్లాడేది ఏమీ లేదు, అయినా 28 రోజులకు దాదాపు 200 రూపాయలు పడేది. ఒకసారి మా మామగారికి ఒంట్లో బాగోక ఆవిడ హైదరాబాద్ ఆసుపత్రిలో నెలల తరబడి ఉండిపోయింది, రీచార్జి మర్చిపోయాం. వాడకుండా 90 రోజులు దాటాయి, నంబరు పోయింది. కొంతకాలానికి మా అమ్మాయి అలవాటుగా "నాన్న" అని ఉన్న నంబరుకి కొడితే నెల్లూరు నుంచి ఎవరో పెద్దాయన ఎత్తారు. మర్యాదగానే మాట్లాడారు పాపం. నా బ్యాంకు మెసేజ్‌లు ఆయనకి వెళ్తున్నాయని ఆయనే చెప్పారు. బ్యాంకులో నంబరు మార్చుకోవడానికి నేను సెలవు పెట్టి, టికెట్ కొనుక్కుని రావాల్సి వచ్చింది.

తణుకు చెల్లెమ్మా, అమ్మగారిది కీప్యాడ్ ఫోన్ అన్నారు కదా. డేటా లేకుండా మాటలకీ మెసేజ్‌లకీ మాత్రమే ప్యాక్ ఇవ్వాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలకి చెప్పింది. ఏడాది దాకా గడువున్నవి కూడా ఉన్నాయి. షాపులో వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, మీరే అడగండి.

కాకినాడ_వకీలు:

పోలీసుల సంగతి గురించి. ఒకరి పేరు మీద దేశంలో 9 సిమ్‌ల దాకా ఉండొచ్చు, జమ్మూ కశ్మీర్, అస్సాం, ఈశాన్య రాష్ట్రాల్లో 6. ఐదు ఉన్నంత మాత్రాన అమ్మగారు తప్పు చేసినట్టు కాదు. 2023 టెలికాం చట్టం ప్రకారం ఇంకొకరి గుర్తింపుతో మోసంగా సిమ్ తీసుకున్నవాడికి మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. అయినా ఎక్కడైనా మోసం జరిగితే మొదట కనిపించేది సిమ్ ఎవరి పేరు మీద ఉంటే ఆ పేరే. కాబట్టి రిఫరెన్స్ నంబరు, తేదీ, స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఉంచండి. ఎవరైనా అడిగితే మేము ఫలానా తేదీనే ఫిర్యాదు చేశాం అని చూపించడానికి అది చాలా ముఖ్యం.

ఇంకొకటి. ఆధార్ వెబ్‌సైట్‌లో వేలిముద్రలు లాక్ చేసుకునే వీలుంది. కానీ అమ్మగారికి రేషన్ దగ్గర వేలు కావాలి కాబట్టి, లాక్ తీయడం ఇంట్లో ఎవరికైనా బాగా తెలిశాకే చేయండి.

తణుకు_అమ్మాయి:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. పాత సిమ్ముల షాపు బాబాయ్‌గారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. పాలావిడ మాట దగ్గర అమ్మ కళ్ళు తుడుచుకుంది.

మూడు నంబర్లకీ ఆ రోజే ఫిర్యాదు పెట్టాను. మూడు వారాల తర్వాత చూస్తే రెండు లిస్టులో లేవు. తమ్ముడు పోయిన శనివారం వచ్చాడు, వాడి నంబరు వాడి పేరు మీదకి మార్చడానికి అమ్మని తీసుకుని ముగ్గురం కంపెనీ షాపుకెళ్ళాం. వదిలేయమన్న షాపు కాదు, వేరేది. కౌంటర్లో అమ్మాయి వివరాలన్నీ కొట్టి, మెషిన్ అమ్మ ముందుకు జరిపి "వేలు పెట్టండమ్మా" అంది. అమ్మ చెయ్యి చీర కొంగులోనే ఉంచుకుని, "ఇది దేనికి తల్లీ?" అని అడిగింది.

ఆ అమ్మాయి ఏమీ అనుకోకుండా స్క్రీన్ మా వైపు తిప్పింది. తమ్ముడు నంబరు చదివాడు, నేను పేరు మార్పు అని రాసిన లైను చదివాను. అప్పుడు అమ్మ వేలు కొంగుకి తుడిచి పెట్టింది. మొదటిసారి పడలేదు. రెండోసారి పెట్టేముందు ఆ అమ్మాయే మళ్ళీ స్క్రీన్ చూపించింది.

మూడో నంబరు ఇంకా కనిపిస్తోంది. నిన్న మళ్ళీ ఫిర్యాదు పెట్టాను, వకీలుగారు చెప్పినట్టు ప్రింటు తీసి రేషన్ కార్డు కవర్లో పెట్టాం. అది పోగానే ఇక్కడే రాస్తాను.