పోకెమాన్ కార్డ్ గేమ్: డెక్‌లు మార్చినా ఆట మెరుగుపడట్లేదు. మీరెలా నేర్చుకున్నారు?

హన్మకొండ_ట్రైనర్
అన్నలూ, అక్కలూ, ఫోన్‌ల టీసీజీ లైవ్ (ఈ కార్డుల ఆట యాప్) ఆడుతున్న. హైదరాబాద్ పోయినప్పుడు దోస్తులతోని అసలు కార్డులతో కూడా ఆడుతం. లిమిట్‌లెస్ సైట్‌ల టోర్నమెంట్ గెలిచిన లిస్టు చూసి డ్రాగపుల్ట్ ఈఎక్స్ అనే పోకెమాన్ మీద నడిచే డెక్ కట్టిన. 60 కార్డులల్ల ఒక్కటి కూడా మార్చలే. లైవ్‌ల పర్వాలేదు గానీ, మూడు ఆటల మ్యాచ్ అంటే మంచోళ్ళ మీద గెలుస్తలేను. డెక్ మార్చి చూసిన, ఫరక్ పడ్తలేదు. మీరు ఏం ప్రాక్టీస్ చేస్తే ఆట మారింది? "ఎక్కువ ఆడు" అని మాత్రం చెప్పకుండ్రి, రోజూ ఆడుతనే ఉన్న.

ప్లానో_పెద్దన్న
తమ్ముడూ, డెక్‌ని అలాగే ఉంచు. ఒక్క ప్రశ్న: ఆటలో మొదటిసారి అల్ట్రా బాల్ (డెక్‌లోంచి పోకెమాన్ వెతికి తెచ్చే కార్డు) వేసి డెక్ తెరిచినప్పుడు ఏం చూస్తావు? కావాల్సిన పోకెమాన్ తీసుకుని మూసేస్తున్నావంటే నీ సమస్య అక్కడే ఉంది.

ఆట మొదట్లోనే నీ డెక్‌లోంచి ఆరు ప్రైజ్ కార్డులు బోర్లా పడి ఉంటాయి; ఎదుటి పోకెమాన్‌ని నాకౌట్ చేసినప్పుడల్లా వాటిలోంచి తీసుకుంటాం, ఆరూ తీసేస్తే గెలుపు. చేతిలో, డెక్‌లో కనపడని కార్డు ప్రైజుల్లో ఉన్నట్టే. నీ డెక్‌లో ఒకే ఒక్క కాపీ ఉన్న కార్డు ఆ ఆరింటిలో ఇరుక్కునే అవకాశం పదిలో ఒకటి. అలాంటి ఒంటరి కార్డులు మూడు ఉంటే, వాటిలో కనీసం ఒకటి ప్రైజుల్లో పడటం నాలుగు ఆటలకి ఒకసారి కంటే ఎక్కువే జరుగుతుంది. అది మూడో టర్న్‌లో తెలిస్తే ప్లాన్ మార్చుకోవచ్చు. చివరి టర్న్‌లో తెలిస్తే చేసేదేమీ ఉండదు.

రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకునే మన బాబాయిలకి ఇది కొత్తేం కాదు. ఇంట్లో ఇలా చెయ్: డెక్ కలిపి ఏడు కార్డులు చేతిలోకి తీసుకో, ఆరు పక్కన పెట్టు, మిగిలిన 47 ఒకసారి తిప్పి చూడు. నిమిషం టైమర్ పెట్టుకుని, ప్రైజుల్లో ఏమున్నాయో కాగితం మీద రాసి, తర్వాత తిప్పి సరిచూసుకో. అరవైనీ బట్టీ పట్టొద్దు. ఈ డెక్‌కి ప్రాణం డ్రీపీలు, అవి ఎదిగితే అయ్యే డ్రాక్లోక్‌లు, డ్రాగపుల్ట్‌లు, మధ్య దశ దాటించే రేర్ క్యాండీలు, ఫైర్, సైకిక్ ఎనర్జీలు, ఆ ఒంటరి కార్డులు. ముందు వీటి లెక్క చాలు. నేను టోర్నమెంట్‌కి వెళ్ళే ముందు రాత్రి ఇప్పటికీ ఇదే చేస్తాను.

గుంటూరు_మిర్చి
పెద్దన్న చెప్పింది నిజం. టీసీజీ లైవ్‌లో డెక్ తెరిచినప్పుడు కార్డులు ముందే సర్దేసి కనిపిస్తాయి కాబట్టి అక్కడ ఈ లెక్క సులువు. అసలు కార్డులతో చేత్తో తిప్పితేనే అలవాటవుతుంది.

ఒక పక్క మాట. చేతి ప్రాక్టీస్‌కని బొమ్మల కొట్లో దొరికే బంగారు రంగు కార్డుల పెట్టెలు కొనకండి, అవి నకిలీవి. కాగితం మీద కార్డు పేరు రాసి స్లీవ్‌లో పెట్టుకుంటే ఇంట్లో ఆటకి సరిపోతుంది. టోర్నమెంట్‌కి మాత్రం అసలువే కావాలి.

కేపీహెచ్‌బీ_అక్క
ప్రైజ్ లెక్క వచ్చాక అసలు ఆట మొదలవుతుంది. ఎదుటివాళ్ళ డెక్ ఏదో తెలియగానే నేను "నా ఆరు ప్రైజులు ఎక్కడినుంచి వస్తాయి?" అనుకుంటాను. నాకౌట్ చేస్తే ఈఎక్స్ రకం పోకెమాన్‌కి రెండు ప్రైజులు, మెగా ఈఎక్స్‌కి మూడు, మామూలు పోకెమాన్‌కి ఒకటి. 2-2-2 అయితే మూడు నాకౌట్లు. వాళ్ళు మధ్యలో ఒక్క ప్రైజ్ పోకెమాన్‌ని ముందుకు తోస్తే నా లెక్క చెడుతుంది, దాన్ని తప్పించుకునే దారి ముందే వెతుక్కోవాలి.

డ్రాగపుల్ట్‌తోనే చెప్తాను. దాని దాడి ఫాంటమ్ డైవ్ ముందున్న యాక్టివ్ పోకెమాన్‌కి 200 కొడుతుంది, వెనక బెంచి మీద ఉన్నవాటికి ఆరు డ్యామేజ్ కౌంటర్లు (ఒక్కోటి పది దెబ్బ) మనిష్టం వచ్చినట్టు పంచుకోవచ్చు. కొత్తవాళ్ళు ఆరూ ఒకే చిన్న పోకెమాన్ మీద గుమ్మరిస్తారు. ఎదుటి బెంచిలో ఫెజాండిపిటి ఈఎక్స్ కూర్చుని ఉందనుకో, దాని హెచ్‌పీ (ఎంత దెబ్బ తట్టుకుంటుందో ఆ అంకె) 210. నీ 200కి పదే తక్కువ. ఈ టర్న్‌లో ఒక్క కౌంటర్ దాని మీద పెట్టు, మిగతా ఐదూ వేరే చోట వాడుకో. వచ్చే టర్న్‌లో బాస్ ఆర్డర్స్ కార్డుతో దాన్ని ముందుకు లాగి కొడితే రెండు ప్రైజులు చేతికొస్తాయి. ఆ ఒక్క కౌంటర్ పెట్టేటప్పుడే రెండో టర్న్ కూడా నీ మనసులో ఉండాలి. మంచివాళ్ళ ఆటలో నాకు బాగా నచ్చేది ఇదే.

హన్మకొండ_ట్రైనర్
అక్కా, ఆ పది హెచ్‌పీ ముచ్చట నాకు ఎన్నడూ తట్టలే! ఇంకోటి అడుగుత. డ్రాక్లోక్ శక్తి రీకాన్ డైరెక్టివ్ ముందు వాడాల్నా, అల్ట్రా బాల్ ముందు వేయాల్నా?

గుంటూరు_మిర్చి
ముందు అల్ట్రా బాల్. కార్డు తీశాక డెక్ ఎలాగూ కలపాలి. ఆ తర్వాత రీకాన్‌తో పై రెండూ చూసి ఒకటి తీసుకుంటే, అక్కర్లేనిది అడుక్కి పోయి అక్కడే ఉంటుంది. వరస తిప్పితే అడుక్కి పంపిన కార్డు మళ్ళీ కలిసిపోతుంది.

ప్లానో_పెద్దన్న
నేను ఒప్పుకోను మిర్చిగారూ. అల్ట్రా బాల్‌కి చేతిలోంచి రెండు కార్డులు పారేయాలి. ముందు రీకాన్ చూస్తే, కావాల్సిన డ్రాగపుల్ట్ అక్కడే దొరకొచ్చు, ఆ రెండు కార్డులూ మిగులుతాయి. పైగా రెండూ మంచి కార్డులే వస్తే, అడుక్కి పోయినదాన్ని తర్వాత కలిపి తిరిగి తెచ్చుకోవచ్చు. ముందు చూపు, తర్వాత ఖర్చు.

కేపీహెచ్‌బీ_అక్క
ప్రైజులు ఇంకా లెక్కపెట్టలేదంటే మిర్చిగారి వరస, లెక్క తెలిసిపోతే పెద్దన్న వరస. నేనైతే అలా ఆడతాను. ప్రొఫెసర్స్ రీసెర్చ్ విషయంలో మాత్రం వాదన లేదు. ఆ కార్డు వేస్తే చేతిలో కార్డులన్నీ పారేసి కొత్తగా ఏడు తీస్తాం కాబట్టి, వేయగలిగినవన్నీ ముందే వేసేయాలి.

బెంగళూరు_బెంచి
మూడు ఆటల మ్యాచ్ గురించి ఎవరూ చెప్పలేదు. మొత్తం 50 నిమిషాలు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే ఒక్కటే. మొదటి ఆట చేజారిందని తెలిశాక కూడా పదిహేను నిమిషాలు పట్టుకుని వేలాడితే మూడో ఆటకి టైమ్ ఉండదు. నా ప్రైజులు ఎలా వస్తాయో దారి కనపడకపోతే ఓటమి ఒప్పుకుని రెండో ఆటకి వెళ్ళిపోతాను. ఎదుటివాళ్ళ టర్న్‌లోనే నా టర్న్ ఆలోచించి పెట్టుకుంటాను.

లైవ్ ర్యాంక్‌లో ఒక్క ఆటతోనే తేలిపోతుంది కాబట్టి ఇది అక్కడ రాదు. ఒక దోస్తుని పట్టుకుని మూడు ఆటలు ఆడాలి, మధ్యలో డెక్‌లు మార్చుకోవాలి. నిన్ను ఓడించే డెక్‌ని నువ్వే ఆడితే అది ఏ టర్న్‌లో ఇబ్బంది పడుతుందో తెలుస్తుంది. ఓడిన ఆట లాగ్ (ప్రతి టర్న్‌లో ఏం జరిగిందో యాప్ రాసిపెట్టే జాబితా) కాపీ చేసి పెట్టుకో, ఫలితం తేలిన టర్న్ వెతుకు. చాలాసార్లు అది చివరి టర్న్ కాదు, రెండోదో మూడోదో.

హన్మకొండ_ట్రైనర్
నిన్న రాత్రి ఆ 47 కార్డుల ప్రాక్టీస్ షురూ చేసిన. ఎనర్జీలు సరిగ్గ చెప్తున్న, రేర్ క్యాండీల కాడ తప్పుతున్న. ఈ ఆదివారం లైవ్‌ల ఎవరన్న నాతోని మూడు ఆటలు ఆడుతరా? డ్రాగపుల్ట్ మీద డ్రాగపుల్ట్ అయినా సరే.

కేపీహెచ్‌బీ_అక్క
నేను ఆడతాను. ఫ్రెండ్ ఐడీ ఇక్కడ పెట్టకు, మెసేజ్ చెయ్. మొదటి రెండు ఆటలూ నీ డెక్ నేను ఆడతా, నా డెక్ నువ్వు ఆడు. లాగ్‌లు ఇక్కడ పెడదాం, పెద్దన్న, మిర్చిగారు చూసి చెప్తారు.