సముద్రం ‘పీల్చుకుంటుందా’, ‘ఇముడ్చుకుంటుందా’?

ప్రశ్న (విజయవాడ): పదో తరగతి పిల్లల పాఠంలో ఈ వాక్యం ఉంది: ‘సముద్రం కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది, వేడెక్కితే వదిలేస్తుంది.’ ‘శోషణ’ అనాలా, ‘పీల్చుకోవడం’ చాలా?

గుంటూరు, రసాయనశాస్త్రం: శోషణ తప్పు కాదండీ, కానీ పిల్లల కళ్లకు కట్టదు. పీల్చుకోవడమంటే గుడ్డ నీళ్లు పీల్చినట్టు ఒకవైపు పని. సముద్రం మీద వాయువు ఎప్పుడూ లోపలికి పోతూ, బయటికి వస్తూ ఉంటుంది. పోయేది ఎక్కువైతేనే నికరంగా చేరినట్టు. నా ఓటు ‘ఇముడ్చుకోవడం’కి. ‘ఎంత పడుతుంది’ అన్న లెక్క ఆ మాటలోనే ఉంది. ఒక వాతావరణ పీడనం దగ్గర లీటరు మంచినీటిలో 0 డిగ్రీలకు సుమారు 3.3 గ్రాములు ఇముడుతుంది, 20కి 1.7, 30కి 1.25. ఐసులోంచి తీసిన గోలీసోడా నిదానంగా బుడగలు వదులుతుంది. అదే మే ఎండలో పెట్టిన సీసా గోలీ నొక్కగానే పొంగి చేతిమీదికి వస్తుంది.

‘వదిలేస్తుంది’ మాత్రం తీసేయండి. భూమధ్యరేఖ దగ్గరి పసిఫిక్ లాంటి చోట్ల వదులుతుంది, నిజమే. మొత్తంమీద మాత్రం మనం వదిలేదాంట్లో పావువంతు ఇంకా సముద్రంలోకే పోతోంది, ఎందుకంటే గాలిలో ఆ వాయువు పది లక్షల భాగాలకు 280 నుంచి 420 దాటింది. వేడి ఆ వాటాను తగ్గిస్తుంది, అంతే.

విజయవాడ, సముద్రశాస్త్రం: ఇంకో కారణమూ చేర్చండి. వేడెక్కిన పైనీరు తేలికై, కింది చల్లనీటితో కలవదు. పైన చేరిన వాయువు లోతుకు దిగదు. దీనికి ‘స్తరీకరణ’ ఎందుకు, ‘పొరకట్టడం’ ఉండగా? బంగాళాఖాతంలో కృష్ణా, గోదావరి, గంగ తెచ్చే మంచినీరు కూడా పైన పరుచుకుని పొరకట్టిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: కార్బన్ డయాక్సైడ్‌కు పాత పుస్తకాల్లోని ‘బొగ్గుపులుసు వాయువు’ అన్న పేరు వాడొచ్చా?

గుంటూరు, రసాయనశాస్త్రం: వాడండి, ఎంతో చక్కని మాట! పొడి వాయువులో పులుసు లేదు, నీటిలో కలిశాకే కార్బానిక్ ఆమ్లం పుడుతుంది. సముద్రంలో జరిగేది సరిగ్గా అదే. అలాగని ‘సముద్రం పుల్లబడింది’ అనకూడదు. ఆమ్లమో క్షారమో చెప్పే కొలత పీహెచ్ (7కు పైన క్షారం) సుమారు 8.2 నుంచి 8.1కి దిగింది, ఇప్పటికీ క్షారమే. 0.1 చిన్నదిగా కనిపిస్తుంది గానీ హైడ్రోజన్ అయాన్లు పావువంతు పైనే పెరిగినట్టు. అవి కార్బొనేట్‌ను పట్టేసుకుంటాయి. దాంతో గుల్లలకు, పగడాలకు పెంకు కట్టుకునే సరుకు తగ్గుతుంది. కొత్తగా వచ్చే వాయువును ఇముడ్చుకునే శక్తీ తగ్గుతుంది. ఈ మార్పుకు వాడే ‘ఆమ్లీకరణ’ను అలాగే ఉంచి, పక్కనే ‘ఆమ్లం వైపు జరగడం’ అని రాయండి.

మీ వాక్యం ఇలా మార్చండి: ‘సముద్రం బొగ్గుపులుసు వాయువును ఇముడ్చుకుంటుంది, వేడెక్కేకొద్దీ తక్కువ ఇముడ్చుకుంటుంది.’