జీపు వెనక 31 అంగుళాల టైర్లు వేస్తే సాలూరు ఘాటీలో లాగుడు ఎంత తగ్గుతుంది?

జయపురం జీపు
అన్నలందరికీ నమస్కారం. బండి మహీంద్రా జీపు, టూ వీల్ డ్రైవ్, ప్యూజో డీజిల్, నాలుగు గేర్ల బాక్సు. నాలుగు చక్రాలకీ 215/75 ఆర్15 టైర్లు, ఆరంగుళాల రిమ్ములు. హాట్ రాడ్ల (అమెరికాలో స్పీడు కోసం మార్చుకున్న పాత కార్ల) మాదిరి ముందు వంగి, వెనక లేచి నిలబడాలని వెనక రెండూ 31×10.5 ఆర్15 వెయ్యాలనుకుంటున్నాను. పెద్ద టైరుకి పికప్ పెరుగుతుందని కొందరు, బండి లాగదని కొందరు అంటున్నారు. జయపురం నుంచి కోరాపుట్, సుంకి మీదుగా సామానుతో సాలూరు దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఏది నిజం? ఉన్న రిమ్ముల మీదే ఎక్కుతాయా?

సుంకి మలుపు
తమ్ముడూ, లాగదన్నవాళ్ళదే నిజం. లెక్క చూడు. 215/75 ఆర్15 ఎత్తు 703 మి.మీ. (రిమ్ము 381, పైనా కిందా 161 చొప్పున గోడ). 31 అంగుళాలంటే 787 మి.మీ. అంటే చక్రం ఒక్క చుట్టుకి 12 శాతం ఎక్కువ దూరం పోతుంది, నేల మీద తోసే బలం 11 శాతం దాకా పడిపోతుంది. నీ డిఫరెన్షియల్‌లో (వెనక యాక్సిల్ నడుమ గేర్ల డబ్బా) 4.88 క్రౌన్ పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్ బాక్సు నుంచి వెనక్కి వచ్చే షాఫ్ట్, 4.88 చుట్లు తిరిగితే చక్రాన్ని ఒక చుట్టు తిప్పే పళ్ళ జత) ఉంటే, పాత టైర్లతో 4.36 వేసుకున్నట్టే నడుస్తుంది. స్పీడోమీటరు 60 చూపిస్తే నిజంగా 67 మీద ఉంటావు. టైరు, రిమ్ము బరువు కూడా పెరుగుతుంది కాబట్టి ఆగిన చోటు నుంచి కదలడం ఇంకా మందం.

మరి హాట్ రాడ్లకి ఎందుకు వేశారంటే, 1930లలో కాలిఫోర్నియాలో మ్యూరాక్ లాంటి ఎండిన సరస్సుల మీద పరిగెత్తించినవాళ్ళకి కావలసింది టాప్ స్పీడు. చదును నేల, మలుపు లేదు, చడావు లేదు. అదే ఇంజన్ చుట్లకి ఎత్తు టైరు ఎక్కువ వేగం ఇస్తుంది. 1932 ఫోర్డ్‌లో 65 హార్స్ పవర్ వీ8 ఉండేది, దాన్ని ఇంకా పెంచుకునేవాళ్ళు. తర్వాత గేర్లు త్వరగా మార్చుకునే హాలిబ్రాండ్ క్విక్ చేంజ్ యాక్సిల్ కూడా దొరికింది, టైరుకి తగ్గ రేషియో పెట్టేసేవాళ్ళు. టైరు వెడల్పు పట్టు కోసం. ఆ పట్టుని జారనిచ్చేంత బలం నీ డీజిల్‌కి ఎలాగూ లేదు.

నన్నడిగితే ఎక్కడం కన్నా దిగడమే పెద్ద విషయం. ఇంజన్ బ్రేకింగ్ (గేరులో ఉంచి ఇంజన్‌తోనే బండిని పట్టి ఉంచడం) కూడా అదే 11 శాతం తగ్గుతుంది. డ్రమ్ములు అవే, టైరు ఎత్తు పెరిగింది కాబట్టి వెనక చక్రాల దగ్గర నేల మీద బ్రేకు బలమూ అంతే తగ్గుతుంది. సుంకి దిగేటప్పుడు రెండో గేరులో ఆగిన బండి ఇప్పుడు ఆగదు, ఫస్టుకి రావాలి. సామాను ఉంటే డ్రమ్ములు కాలి, పెడల్ మెత్తబడే వరకూ తెలీదు.

రిమ్ము సంగతి: 10.5 టైరుకి కనీసం ఏడంగుళాల రిమ్ము కావాలి. ఆరంగుళాల మీద బలవంతంగా ఎక్కిస్తే టైరు నడుమ ఉబ్బి అక్కడే అరుగుతుంది, మలుపులో వెనక ఊగుతుంది.

పర్లాకిమిడి లాథ్
పైన చెప్పిందంతా కరెక్టు. కానీ బాబూ, నీకు కావలసింది ఆ నిలుపే అయితే 31 అక్కర్లేదు.

31 వేస్తే వెనక లేచేది ఎత్తు తేడాలో సగం, అంటే 42 మి.మీ. దానికి బదులు వెనక 235/75 ఆర్15 వెయ్యి. ఎత్తు 733, వెనక 15 మి.మీ. లేస్తుంది. ముందు 205/65 ఆర్15 వెయ్యి, ఇన్నోవా సైజు, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. దాని ఎత్తు 647, ముందు 28 దిగుతుంది. మొత్తం 43. అదే వంపు వచ్చేసింది, పోయిన లాగుడు 4 శాతమే! రెండు సైజులూ నీ ఆరంగుళాల రిమ్ముల మీదే కూర్చుంటాయి. ముందు యాక్సిల్ నేలకి 28 మి.మీ. దగ్గరవుతుంది, రాళ్ళ దారిలో అది గుర్తుంచుకో.

ఎలా చేసినా క్యాస్టర్ (ముందు చక్రం పక్కకి తిరిగే ఇరుసు, అంటే కింగ్ పిన్, వెనక్కి వాలే కోణం) తగ్గుతుంది, అందరూ వదిలేసేది ఇదే. 91 అంగుళాల వీల్‌బేస్ మీద 42 మి.మీ. అంటే ఒక డిగ్రీ ముందుకి వంగడం. కింగ్ పిన్ కూడా అంతే నిలువవుతుంది, 60 దాటాక స్టీరింగ్ నిలవదు. ముందు కమాన్లకీ (స్ప్రింగు పట్టీలకీ) యాక్సిల్‌కీ మధ్య ఒక డిగ్రీ టేపర్ ముక్కలు వెయ్యి, కింగ్ పిన్ పైకొస వెనక్కి వాలేలా. వెనక ఎత్తు పెంచడానికి కమాన్ల కింద దిమ్మలు మాత్రం పెట్టకు, పినియన్ కోణం మారి ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు (కీళ్ళు) అరిగిపోతాయి. టైరుతో లేపితే ఆ బాధ లేదు, బండి మొత్తం కలిసే వంగుతుంది.

జయపురం జీపు
ఈ లెక్క బావుంది అన్నా. ఒకవేళ తర్వాత 31కే పోతే, 5.38 క్రౌన్ పినియన్ వేస్తే సరిపోతుందా?

సుంకి మలుపు
సరిపోతుంది, 31తో 4.81 లాగా నడుస్తుంది, దాదాపు ఇప్పటిలాగే. కానీ నీ దాన్లో ఏముందో ముందు చూసుకో. ముందు చక్రాలకి రాళ్ళు వెయ్యి, న్యూట్రల్‌లో పెట్టి వెనక ఒక్క చక్రమే జాకీ మీద లేపు. ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పు, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని తిరిగిందో లెక్కపెట్టు. ఐదుకి కొంచెం తక్కువైతే 4.88 (39 పళ్ళు, 8 పళ్ళు), ఐదుంపావు దాటితే 5.38 (43, 8), అంటే ఇప్పటికే ఉన్నట్టు.

కొంటే క్రౌనూ పినియనూ జతగానే కొను, రెండింటి మీదా ఒకే నంబరు ఉండాలి. బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య సందు) 0.15 నుంచి 0.25 మి.మీ. మధ్య పెట్టించి, పళ్ళకి రంగు పూసి అచ్చు నడుమ పడుతోందో లేదో నీ కళ్ళతో చూడు. అచ్చు చూడకుండా బిగిస్తే నెలలోపే కూత మొదలవుతుంది. మొదట 20 కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వు, తర్వాత 500 దాకా సామాను వద్దు.

గుణుపూర్ గేర్ బాక్సు
రెండు మాటలు. ఫోర్ వీల్ డ్రైవ్ జీపులున్నవాళ్ళు ముందొక సైజు, వెనకొక సైజు వేసి ఫోర్ వీల్ వెయ్యొద్దు. తారు రోడ్డు మీద ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిల్‌లకి బలం పంచే గేర్ల డబ్బా) బిగుసుకుపోయి పళ్ళు విరుగుతాయి. ఇక స్టెపినీ: వెనక పంక్చరైతే ముందు సైజు చక్రం వేసుకుని సుంకి ఎక్కకండి. రెండు పక్కలా ఎత్తు వేరైతే డిఫరెన్షియల్‌లో చిన్న పళ్ళు తిన్నని రోడ్డు మీద కూడా ఆగకుండా తిరిగి కాలిపోతాయి. దగ్గర్లో పంక్చర్ షాపు దాకా 30 దాటకుండా పోవచ్చు, అంతే. వెనక సైజుదే స్టెపినీగా పెట్టుకోండి, ముందు అవసరమైతే కాసేపు అది నడిచిపోద్ది.