షవర్ పంపు మార్చాలి, ఎలాంటిది తీసుకోవాలి?

మా షవర్ పంపు పాడైంది. మోటారు మూలుగుతోంది గానీ తిరగట్లేదు, సీలు దగ్గర నీళ్లు కూడా కారుతున్నాయి. రిపేరు కంటే కొత్తదే నయమని ప్లంబర్ అన్నారు.

ట్యాంకు షవర్ కంటే 2 మీటర్లే ఎత్తులో ఉంది, అంటే పంపు లేకపోతే వచ్చే ప్రెషర్ 0.2 బార్. పాతది 1.5 బార్‌ది. ఇప్పుడు 3 బార్‌ది పెడితే పాత పైపుల జాయింట్లు తట్టుకుంటాయా? నా టెన్షన్ అదే. మాది వేడినీళ్లు, చన్నీళ్లు కలిసే మిక్సర్. ఒక్క చన్నీళ్ల లైనుకే పంపు పెడితే వేడినీళ్లు సరిగా రావు కాబట్టి రెండు లైన్లకూ కలిపి పనిచేసే ట్విన్ పంపే చూస్తున్నాను. కుళాయి తిప్పగానే నీళ్లు పారడాన్ని బట్టి ఆన్ అయ్యే ఫ్లో స్విచ్‌కి ఈ ఎత్తు చాలుతుందా, లేక పైపులో ప్రెషర్ తగ్గగానే ఆన్ అయ్యే ప్రెషర్ స్విచ్‌ది మేలా?

బ్రాండ్ ఏదైనా పర్లేదు, చప్పుడు మాత్రం తక్కువ ఉండాలి. పాతదానితో తెల్లవారుజామున ఒకరు స్నానం చేస్తే ఇల్లంతా లేచేది! వాడుతున్నవాళ్లు కాస్త చెప్పండి.