అప్‌డేట్: భుజం నొప్పికి వీడియో ఫిజియోథెరపీ సరిపోతుందా, నేరుగా వెళ్లాలా?

చెయ్యి పైకెత్తితే భుజం నొప్పి అని ఇక్కడ అడిగాను. జవాబిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్. "మొదటిసారి మాత్రం నేరుగా చూపించుకోండి" అన్న సలహానే పనిచేసింది. మోచెయ్యి నడుముకు ఆనించి, ఫిజియో తన చేత్తో ముంజేతిని బయటికి తిప్పి చూశారు. పూర్తిగా తిరిగింది కాబట్టి ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోవడం) కాదు, రొటేటర్ కఫ్ (భుజం కీలు చుట్టూ ఉండే కండరాలు, వాటి స్నాయువులు) నొప్పి అన్నారు. వీడియోలో ఈ తేడా తేలడం కష్టం.

మిగతాదంతా వీడియోలోనే. మోచేతికీ నడుముకీ మధ్య చుట్టిన టవల్, మణికట్టు వెనకభాగం గోడకు నొక్కి 30 సెకన్లు, 5 సార్లు. తర్వాత రబ్బరు బ్యాండ్ లాగుతూ 12 సార్ల చొప్పున 3 విడతలు, రోజు విడిచి రోజు. పెరిగిన నొప్పి మర్నాటికి తగ్గకపోతే తేలిక బ్యాండ్‌కు మారాలి. కెమెరా మాత్రం వెనకవైపు పెట్టండి, భుజం చెవివైపు లేస్తోందో లేదో అక్కణ్నుంచే బాగా తెలుస్తుంది.

12 వారాలకు చెయ్యి నొప్పిలేకుండా లేస్తోంది. ఎమ్మారై అవసరం పడలేదు.