పాడ్‌కాస్ట్ ట్రైలర్‌లో మాట ఆగితే చాలు మ్యూజిక్ పైకి లేస్తోంది, ఎలా సర్దాలి?

45 సెకన్ల ట్రైలర్, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో. మాట వచ్చినప్పుడు మ్యూజిక్‌ని దానంతటదే తగ్గించే ఆటో డక్‌లో డక్ అమౌంట్ (ఎంత తగ్గాలి) మైనస్ 12 డీబీ, మ్యాగ్జిమం పాజ్ (మాట ఎంతసేపు ఆగితే మ్యూజిక్ మళ్లీ లేవాలి) 1 సెకను పెట్టాను. గెస్ట్ "అసలు సంగతేంటంటే..." అని కాస్త ఊపిరి తీసుకునేలోపే మ్యూజిక్ గుప్పుమంటోంది. పాజ్ 2 సెకన్లు చేస్తేనేమో క్లిప్పుల మధ్య లేవాల్సిన చోట కూడా లేవట్లేదు. మ్యూజిక్ వాల్యూమ్‌ని ఎన్వలప్ టూల్‌తో చేత్తో గీసుకోవడమే దారా?

ఇంకోటి. మొత్తం మిక్స్‌ని మైనస్ 16 లఫ్స్‌కి (LUFS, చెవికి ఎంత బిగ్గరగా వినిపిస్తుందో చెప్పే కొలత) నార్మలైజ్ చేస్తే ఎపిసోడ్ కంటే ట్రైలర్‌లో గొంతు చిన్నగా వస్తోంది. లెక్కలో మ్యూజిక్ కూడా కలుస్తుంది కదా, రాక మానదు. గొంతును మాత్రమే మైనస్ 16కి తెచ్చి, తర్వాత మ్యూజిక్ చేర్చి, మైనస్ 1 డీబీ దగ్గర లిమిటర్ (శబ్దం ఆ హద్దు దాటకుండా ఆపేది) పెట్టి వదిలేయొచ్చా?

ఫోన్ స్పీకర్లో హల్లులు మునిగిపోకుండా మ్యూజిక్‌లో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దాకా 4 డీబీ తగ్గించాను. హెడ్‌ఫోన్‌లో డొల్లగా ఉంటుందేమో, మీరైతే ఎంత తగ్గిస్తారు?